చేపలు తోమే రాయి

చక్కెర రెండొందలు దాటిందని
డాక్టరు సైకిలు తొక్కమన్నాడు.
నాకు సైకిలు లేదు.
ఆదివారం పొద్దున సంతపేటలో అద్దెకిస్తారనీ
ఊరు కూడా తిప్పి చూపిస్తారనీ ఎవరో అంటే
ఊరేముందిలే, పుట్టి పెరిగిన నెల్లూరే కదా,
చెమట పడితే చాలని పోయాను.

మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో పదకొండు.
వెంగమాంబ వాళ్ళ నాయన
గంటకు అర్ధరూపాయికి ఇచ్చిన నాటి బండి.
"బెల్లు మోగదు సార్, నోటితో అరవండి" అంది.
ఇద్దరు కాలేజీ పిల్లకాయలు,
బ్యాంకాయన, ఆయన భార్య,
బదిలీ మీద మదనపల్లి నుంచి వచ్చిన టీచరమ్మ,
చివరన నేను, రొప్పుతూ.

రంగనాయకుల గోపురం కనబడగానే
అలవాటుగా చెయ్యెత్తబోయాను.
ఆమె అటు చూడనైనా లేదు.
"ఆయన్ని చూసేవాళ్ళు బోలెడుమంది" అని
హ్యాండిలు ఎడమకు తిప్పేసింది.

రైసుమిల్లు వెనక గోడ.
నా గడ్డమంత ఎత్తున ఒక గీత,
కింద ఏదో సంవత్సరం, సున్నంలో మునిగిపోయి.
పెన్న ఒకసారి ఇక్కడిదాకా వచ్చి
గోడకు చెయ్యి ఆనించి వెళ్ళిందట.
పిల్లకాయలు గీత పక్కన నిలబడి
ఎవరు మునిగేవాళ్ళో కొలుచుకున్నారు.
టీచరమ్మకు ముక్కు దాకా వచ్చింది.
ఎందుకో ఆమె ఊపిరి బిగబట్టింది.

పాలబూతు సందులో చేదబావి.
ఇప్పుడందులో నీళ్ళు లేవు, బొండాం డిప్పలు.
గట్టురాతి మీద చేంతాడు కోసిన గాట్లు.
"వేలు పెట్టి చూడండి."
పెట్టాను. రెండు కణుపుల లోతు.
కత్తి కాదు, ఉలి కాదు,
తడిసిన నార కోసింది ఇంత రాయిని.
అయితే ఆ అరచేతుల సంగతేంటి?
"ఏ కాలందమ్మా?" అన్నాడు బ్యాంకాయన.
"తెలీదు సార్."
తెలీదని చెప్పే గైడుని నేనెక్కడా చూళ్ళేదు.

కట్ట ఎక్కుతుంటే నా చైను ఊడింది.
పుల్లతో ఎగదోసి ఎక్కించింది.
ఆ నల్లటి వేళ్ళతోనే ముందుకు చూపించి,
"ఇంకొక్కటే, మూలపేటలో."

నా మూలపేటలో.
మలుపు తిరిగితే నా వీధి.
నా వీధిలో ఏముందని
నాలో నేను నవ్వుకుంటూ తొక్కాను.
మా ఇంటి ముందు ఆగింది.

కుళాయి పక్కన వాలుగా పాతిన నల్లరాయి.
దాని మీద మా చెంచులక్ష్మి
బొచ్చె చేపను తోముతా ఉంది.
తలెత్తి, అద్దె సైకిలు మీద నన్ను చూసి
ఏమీ అడగలేదు. అదే ఎక్కువ భయం.

"అక్కా, ఒక్క నిమిషం"
వెంగమాంబ చెంబుడు నీళ్ళు పోసింది.
పొలుసులు జారిపోయాయి.
ఎండ ఏటవాలుగా పడ్డచోట
అక్షరాలు లేచాయి, చీమలబారులా.
ఇరవైమూడేళ్ళు ఆ రాయి మీద కాలు పెట్టి
బూట్ల లేసు కట్టుకున్నాను.
గరుకు అనుకున్నాను.

కూడబలుక్కుంటూ చదివింది.
బాటసారులకు నీళ్ళు పోసేందుకు
ఎవరో రాసిచ్చిన మాన్యం.
పేరున్న చోట పగిలిపోయింది.
చివరి వరస మాత్రం నిక్కచ్చిగా ఉంది:
ఈ ధర్మానకు తప్పినవారు
గంగకఱుత కపిలను చంపిన పాపాన పోదురు.
"కపిల అంటే?" "ఆవు."

అందరూ చేప వంక చూశారు.

చెంచులక్ష్మి కత్తిపీట పక్కకు నెట్టింది.
"ఏం పాపం?
ఇన్నేళ్ళూ దీన్ని రోజూ కడిగింది నేను.
రోడ్డేసేవాళ్ళు పెరికేస్తామంటే
దీని మీదెక్కి కూర్చుంది నేను,
చేపలు యాడ తోముకునేదని.
ధర్మమంటే నీళ్ళు పొయ్యడమే కదంటమ్మా,
పోస్తానే ఉండాను."

వెంగమాంబ ఏదో చెప్పబోయి
చిన్న పుస్తకం తీసి రాసుకుంది.
ఏం రాసిందో నాకు తెలీదు.

టీచరమ్మ దాహమంది.
చెంచులక్ష్మి సబ్బుతో చేతులు కడుక్కొచ్చి
వరసగా ఏడు గ్లాసులు నింపింది.
నాకూ ఒకటి ఇచ్చింది,
దారిన పోయే మనిషికిచ్చినట్టే.

పదకొండో నంబరును గోడకానించి
నా ఇంటి ముందు
నిలబడే తాగాను.